ఆఫీసు ఫోన్‌లో స్పీడ్ డయల్: ముందు సున్నాలు లెక్కపెట్టండి

సంక్రాంతికి పెదపారుపూడి వెళ్తే బాబాయ్ రైస్ మిల్లులో పని తగిలింది. "ఒరేయ్, నువ్వు సాఫ్ట్‌వేరే కదా, ఇది చూడు" అని టేబుల్ మీది ఈపీఏబీఎక్స్ ఫోన్ చూపించారు. లైన్‌మన్ సెల్ నంబరు స్పీడ్ డయల్ 05లో ఉంది. నొక్కితే కాల్ పోదు. అదే నంబరు నా మొబైల్ నుంచి కొడితే రింగ్ అవుతోంది! మిల్లు లోపల సెల్ సిగ్నల్ అంతంతమాత్రం. షార్ట్ సర్క్యూట్ అయితే ఆ ల్యాండ్‌లైనే దిక్కు.

తప్పు ఫోన్‌ది కాదు. 2021 జనవరి 15 నుంచి ల్యాండ్‌లైన్‌తో ఏ మొబైల్‌కి చేసినా ముందు 0 కొట్టాలి. మనుషులు అలవాటు పడ్డారు, మెమరీలో ఉన్న పాత నంబర్లను మాత్రం ఎవరూ మార్చలేదు.

ఈపీఏబీఎక్స్‌లో ఇంకో 0 కూడా ఉంటుంది. బయటి లైన్ పట్టుకోవడానికి కొన్నింటిలో 0, కొన్నింటిలో 9 నొక్కాలి. అంటే లైన్‌మన్ నంబరు ఇలా సేవ్ చేయాలి: 0, పాజ్, మళ్లీ 0, తర్వాత పది అంకెలు. పాజ్ ఎందుకంటే, ఎక్స్ఛేంజ్ డయల్ టోన్ రావడానికి క్షణం పడుతుంది. ఈలోగా పంపిన అంకెలు గాల్లో కలిసిపోతాయి. స్మార్ట్‌ఫోన్‌లో నంబరు మధ్య కామా పెడతాం చూడండి, అదే ఇది. 108, 112, కరెంటు ఫిర్యాదుల 1912 లాంటి వాటికి రెండో 0 వద్దు. విజయవాడ ల్యాండ్‌లైన్ అయితే 0866లో అది ఎలాగూ ఉంది. కొన్ని సిస్టమ్స్ లైన్ కోడ్ తామే కలుపుకుంటాయి, అప్పుడు మొదటిదీ అక్కర్లేదు.

ప్రోగ్రామింగ్ సంగతి సింపులే. ఆపరేటర్ ఫోన్ నుంచి ప్రోగ్రామ్ మోడ్‌లోకి వెళ్లి, సిస్టమ్ స్పీడ్ డయల్, మెమరీ స్థానం, నంబరు, స్టోర్. కోడ్‌లు మోడల్‌ని బట్టి మారతాయి, మాన్యువల్ పీడీఎఫ్ దించుకోండి. పర్సనల్ స్పీడ్ డయల్‌లో పెడితే ఆ ఒక్క ఎక్స్‌టెన్షన్‌కే పనిచేస్తుంది, జాగ్రత్త.

ఇంకోటి. ఎస్టీడీ లాక్ చేసిన ఎక్స్‌టెన్షన్ నుంచి కూడా సిస్టమ్ స్పీడ్ డయల్ కాల్స్ వెళ్లనిచ్చే సిస్టమ్స్ ఉన్నాయి. వాచ్‌మన్ గది ఫోన్‌కి ఇది వరమే. కానీ ప్రోగ్రామింగ్ పాస్‌వర్డ్ ఇంకా 1234 అయితే ఎవరైనా తమ నంబరు అందులో పెట్టుకోవచ్చు. వెంటనే మార్చేయండి.

అన్నీ సరిచేశాక 05 నొక్కాను. లైన్‌మన్ ఎత్తారు. "కరెంటు ఉందిగా, ఏమైందండీ?" అన్నారు.