పేరు ఒక అమానత్: ఇంటర్నెట్‌లో మన పేరు, ఇతరుల పేరు

బిడ్డకు మంచి పేరు పెట్టడం తల్లిదండ్రుల బాధ్యత అని ఇస్లాం బోధించింది. ‘అవిధేయురాలు’ అనే అర్థం గల పేరున్న ఒక స్త్రీకి దైవప్రవక్త (స) ‘జమీలా’ అని పేరు మార్చిన సంగతి సహీహ్ ముస్లింలో ఉంది. పేరు కేవలం పిలుపు కాదు. అది మనిషి పరువుకు గుర్తు.

పేరు విలువ మన బొగ్గుబావుల ప్రాంతం వారికి వేరే చెప్పనవసరం లేదు. సింగరేణిలో ‘మారుపేర్ల’ సమస్య గోదావరిఖని, రామగుండం వాడల్లో అందరూ ఎరిగినదే. బతుకుదెరువు కోసం వచ్చి, బాయిలో ఒక పేరుతో చేరి, ఊళ్లో మరో పేరుతో ఉన్నవారు ఎందరో. తర్వాత పిల్లలు వారసత్వ ఉద్యోగం కోసం వెళితే తండ్రి పేరు సర్టిఫికెట్‌లో ఒకటి, కంపెనీ రికార్డులో మరొకటి! కాగితం మీది పేరే ఇంత పని చేస్తే, ప్రపంచమంతా చూడగల తెర మీది పేరు ఇంకెంత చేయగలదో ఆలోచించండి.

వెతికితే ఏం కనిపిస్తుంది?

గూగుల్ లాంటి సెర్చ్ ఇంజన్ ఇతరుల పేజీలను చదివి సూచిక తయారు చేసుకుంటుంది. వార్తలు, ఎంపిక జాబితాలు, కోర్టు తీర్పులు, అందరికీ తెరిచి ఉంచిన ఫేస్‌బుక్ ఖాతాలు అందులో చేరతాయి. పేరు కొట్టగానే అవి బయటికొస్తాయి. అయితే ఆ పేరు ఎవరిదో అది తేల్చి చెప్పలేదు. మన ఇళ్లలో ముహమ్మద్, షేక్, సయ్యద్‌లతో కూడిన ఒకే పేరు ఒకే పట్టణంలో పలువురికి ఉంటుంది. ఒకరి మీద వచ్చిన వార్త మరొకరి మెడకు చుట్టుకుంటుంది.

సంబంధం చూసేటప్పుడు

ఈ రోజుల్లో రిష్తా రాగానే అబ్బాయి పేరు, అమ్మాయి పేరు ఫోన్‌లో వెతుకుతున్నారు. ఇది ధర్మసమ్మతమేనా? పెళ్లి కోసం అవసరమైనంత విచారించడం తప్పు కాదు. ఫాతిమా బిన్తె ఖైస్ (రజి) తనకు వచ్చిన సంబంధాల గురించి అడిగినప్పుడు దైవప్రవక్త (స) ఉన్న విషయం స్పష్టంగా చెప్పారు. కానీ అవసరానికి మించి కూపీలు లాగడం తజస్సుస్ అవుతుంది. అల్ హుజురాత్ సూరా 12వ ఆయత్‌లో దురనుమానాన్ని, కూపీలు లాగడాన్ని, గీబత్‌ను అల్లాహ్ ఒకేచోట నిషేధించాడు. మొదటిది రెండోదానికి, రెండోది మూడోదానికి దారి తీస్తుంది. అదే సూరా 6వ ఆయత్ వార్త వస్తే నిర్ధారించుకోమంటోంది. కాబట్టి తెర మీద చూసిన దాన్ని బట్టి సంబంధం తెంచుకోకండి. ఆ మనిషి ఇతనేనా అని మర్యాదగా అడగండి. తెలిసినదాన్ని వాట్సాప్‌లో పంచకండి.

ఒక కేసు నేర్పే పాఠం

భారత సంతతికి చెందిన ఒక అమెరికా పౌరుడిపై మన దేశంలో మాదకద్రవ్యాల కేసు పెట్టారు. కింది కోర్టు నిర్దోషి అంది, 2013లో ఢిల్లీ హైకోర్టు కూడా దాన్నే ఖాయం చేసింది. అయినా పేరు వెతికితే ఆ తీర్పు కనిపించి ఉద్యోగానికి అడ్డొస్తోందని ఆయన మొరపెట్టుకున్నారు. 2021లో అదే హైకోర్టు, ఆ తీర్పు సెర్చ్ ఫలితాల్లో కనిపించకుండా చేయమని మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది. ఆయన మరపును కోరుకున్నారు కనుక ఆయన పేరు మేమూ రాయడం లేదు. గోప్యత ప్రాథమిక హక్కని సుప్రీంకోర్టు 2017 ఆగస్టు 24న తీర్పు చెప్పి ఉంది. కోర్టు విడిచిపెట్టిన మనిషిని మనం విడిచిపెట్టకపోతే అది జుల్మ్ కాదా?

మన పేరును కాపాడుకుందాం

1. ఊరి పేరు జోడించి మీ పేరును మీరే వెతికి చూసుకోండి.

2. ఫోన్ నంబరు, ఇంటి చిరునామా కనిపిస్తే తొలగించమని గూగుల్‌కు దరఖాస్తు చేయవచ్చు. ఉచితమే. అయితే మూల పేజీ అలాగే ఉంటుంది, దాని యజమానిని కూడా అడగాలి.

3. ఆడపిల్లల పేరు, ఫొటో, కాలేజీ ఒకేచోట పెట్టకండి. 2021 జూలైలో, మళ్లీ 2022 జనవరిలో ముస్లిం స్త్రీల ఫొటోలు ఎత్తుకెళ్లి ‘వేలం’ పేరుతో అవమానించారు. తప్పు ఆ స్త్రీలది కాదు, దుర్మార్గులది. అయినా జాగ్రత్త మంచిదే.

అసలు పేరు దాచవచ్చా?

మోసం లేనప్పుడు కునియత్‌తోనో, సగం పేరుతోనో ఉండటంలో దోషం లేదు. సహాబాలలో చాలామంది కునియత్‌తోనే ప్రసిద్ధులు. కానీ నికాహ్, అప్పు, అమ్మకం, సాక్ష్యం విషయాల్లో అసలు పేరే చెప్పాలి. తండ్రి పేరు మార్చి చెప్పుకోవడం అల్ అహ్‌జాబ్ సూరా 5వ ఆయత్‌కు విరుద్ధం. మారుపేరు చాటున ఇతరులను తిట్టేవాడిని గూగుల్ గుర్తించకపోవచ్చు, కిరామన్ కాతిబీన్ తప్పక రాసుకుంటారు.

తోటి ముస్లిం లోపాన్ని కప్పి ఉంచిన వాని లోపాలను అల్లాహ్ ఇహపరాల్లో కప్పి ఉంచుతాడని దైవప్రవక్త (స) శుభవార్త ఇచ్చారు. ఇతరుల పేరును వెతికే ముందు ఈ మాట గుర్తు చేసుకుందాం. అల్లాహ్ మనందరి పరువును కాపాడుగాక! ఆమీన్.