నాలుగు చక్రముల తూకము

జగ్గయ్యపేట నుండి నందిగామకు వచ్చు రహదారిప్రక్క నొక గడియసేపు నిలిచి చూచినయెడల బరువులు మోయు బండ్లు ఎన్ని విధములో తెలియును. సున్నపురాయి లారీలు, సిమెంటు లారీలు, ప్రత్తిబోరెములు నింపిన ట్రాక్టరు తొట్లు, మిరపకాయల టిక్కీలు ఎత్తుగా కట్టిన ఆటోలు, నడుమనడుమ ఎక్కడనో యొక ఎడ్లబండి. 2022 ఏప్రిలు నుండి మన మెట్టప్రాంతము ఎన్.టీ.ఆర్. జిల్లాలో చేరినది గాని, దారియు బరువులును మునుపటివే. ఈ బండ్లన్నిటికిని ఒకటే ప్రశ్న: మొత్తము బరువెంత యన్నది కాదు, ఏ చక్రముపై నెంత యన్నది. ఈ సంగతిని మన విద్యార్థులకు విశదపరచుటకు మేము ఈ సంవత్సరము పందెపుబండి నొకదానిని ఉదాహరణముగా గైకొనుచున్నాము. దానిని గోకార్టు అందురు. అది మాకు ఎట్లు తటస్థించినదో ముందు చెప్పవలెను.

2023 ఫిబ్రవరిలో హైదరాబాదున హుస్సేన్ సాగరపు టొడ్డున విద్యుత్కారుల పందెము జరిగిన నాటినుండి మన పిల్లలకు పందెపుకారులపై మక్కువ హెచ్చినది. మా పూర్వవిద్యార్థి యొకడు ఇంజనీరింగు కళాశాలలో చదువుచు, తోడివారితో గూడి పోటీకై యొక కార్టు కట్టెను. సెలవులలో మమ్ము చూడవచ్చి, "మాస్టారూ, మా బండి ఎడమకు చక్కగా తిరుగును, కుడికి మొండికెత్తును. బండి నడపు అమ్మాయికి కుడిమలుపు చేతగాదని మావారు నిశ్చయించి వేరొకరిని కూర్చుండబెట్ట దలచియున్నారు," అని చెప్పెను. తూకము చూచితిరా యని మేమడిగితిమి. "చూచితిమండి. ముందు వెనుకలు సరి, కుడియెడమలు సరి," అనెను. అతడు కాగితముపై వ్రాసి తెచ్చిన అంకెలు ఇవి: ముందు ఎడమ 36 కిలోలు, ముందు కుడి 32, వెనుక ఎడమ 44, వెనుక కుడి 48. మొత్తము 160. ఈ నాలుగంకెలను పాఠకులు గుర్తుంచుకొందురు గాక.

తొలుత ఎడ్లబండిని చూతము. పెనుగంచిప్రోలు తిరునాళ్లకు బండ్లు కట్టుకొని పోయిన పెద్దలకు ఈ పాఠము మేము చెప్పనక్కరలేదు. రెండు చక్రముల బండిలో ఇరుసు త్రాసుకోలకు నడిమి ఆధారము వంటిది. బరువు ఇరుసునకు ముందు పడినచో కాడి ఎద్దుల మెడలపై నొత్తును. వెనుక పడినచో కాడి పైకి లేచి మెడక్రింది త్రాళ్లు గొంతు బిగించును. బండిలో 600 కిలోల బరువున్నదనుకొనుడు. ఆ బరువు నడిమిభాగము ఇరుసునకు 10 సెంటీమీటర్లు ముందున్నది. ఇరుసునుండి కాడికి 250 సెంటీమీటర్లు. 600ను 10చే గుణించి 250చే భాగింపగా 24 కిలోలు వచ్చును. ఎద్దుల మెడలపై పడునది అంతియే. అదే బరువు మరి 10 సెంటీమీటర్లు ముందుకు జరిగినచో 48 కిలోలగును. జానెడైన లేని దూరమునకు మెడబరువు రెట్టింపయ్యెను! బస్తాలెత్తిన పిమ్మట నొగలు చేతబట్టి యెత్తి చూచి, ఒక బస్తాను వెనుకకు లాగించు రైతు ఈ లెక్కనే చేతితో చేయుచున్నాడు.

కార్టునకును ఈ సూత్రమే. దాని ముందు చక్రములకును వెనుక చక్రములకును నడుమ దూరము 105 సెంటీమీటర్లనుకొందము. 60 కిలోల మనిషి కూర్చున్న పీటను మూడున్నర సెంటీమీటర్లు వెనుకకు జరిపినచో, ముందునుండి వెనుకకు మారు బరువు 60ని 3.5చే గుణించి 105చే భాగింపగా 2 కిలోలు. కార్టులో అన్నిటికన్న బరువైన వస్తువు నడపువాడే గనుక, పీట నెక్కడ బిగింతుమన్నదే మొదటి నిర్ణయము. సామాన్యముగా నూటికి 43 పాళ్లు ముందును 57 పాళ్లు వెనుకను ఉండునట్లు చూతురు. ఇంజను తరచుగా కుడిప్రక్కన నుండును, కావున పీటను కొంచెము ఎడమకు జరిపి బిగింతురు. పందెపు నిబంధనలో కనిష్ఠపు బరువొకటి యుండును. బండియు మనిషియు కలిసి దానికి తక్కువైనచో సీసపుదిమ్మలను మరలతో గట్టిగా బిగింతురు. ఆ దిమ్మ లెక్కడ బిగింపవలెనన్నదియు ఈ లెక్కలోని భాగమే.

మా శిష్యుని అంకెలలో ముందు 68, వెనుక 92. ఎడమ 80, కుడి 80. అతడు చెప్పినది నిజమే. మరి లోప మెక్కడ?

మన తరగతిగదిలోని నాలుగుకాళ్ల బల్ల నడుగుడు. ముక్కాలిపీట ఎంత మిట్టపల్లపు నేలపైనైనను కదలక నిలుచును. నాలుగుకాళ్ల బల్ల అట్లు కాదు. ఎదురుమూలల కాళ్లు రెంటిపై నిలిచి, తక్కిన రెంటిపై ఊగుచుండును. ఊగెడి కాలిక్రింద కాగితము మడచి పెట్టుట మన విద్యార్థులకు బాగుగా తెలిసిన విద్యయే, వ్రాతపుస్తకముల కాగితములు అందులకే పోవుచున్నవని మాకును తెలియును. దీనిలోని కారణమిది: కాళ్లు మూడైనచో బరువున్న చోటునుబట్టి ఒక్కొక్క కాలిపై నెంత పడునో తప్పక తేలును. కాళ్లు నాలుగైనచో బరువున్న చోటు తెలిసినను లెక్క ముగియదు. ఒక సంగతి మిగిలిపోవును. ఏ మూలల జంట ఎక్కువ మోయవలెనన్నది బరువున్న చోటునుబట్టిగాక, కాళ్ల పొడవులోని వెంట్రుకవాసి భేదమునుబట్టి యుండును.

కావున మూడవ కూడిక యొకటి చేయవలెను. ముందు ఎడమ 36, వెనుక కుడి 48, మొత్తము 84. ముందు కుడి 32, వెనుక ఎడమ 44, మొత్తము 76. ఎదురుమూలల జంటలకు నడుమ 8 కిలోల భేదము! ఈ కూడికను వారెవ్వరును చేయలేదు. పీటను ఏ దిక్కునకు జరిపినను ఈ భేదము పోదు. బల్లపై పుస్తకములు సర్దినంతమాత్రమున పొట్టికాలు పెరుగదు గదా.

ఇట్టి భేదము కారునకంటె కార్టునకు ఎక్కువ హాని చేయుటకు రెండు కారణములు కలవు. కార్టునకు స్ప్రింగులు లేవు; ఇనుపగొట్టముల చట్రమే వంగుచు స్ప్రింగు పని చేయును. ఇక రెండవది మిక్కిలి చిత్రమైనది. ఎడ్లబండి చక్రములు నిలిచియున్న ఇరుసుపై దేనికదియే తిరుగును. మలుపులో బయటి చక్రము ఎక్కువ తిరిగినను లోపలిది తక్కువ తిరిగినను ఒకదానితో నొకటికి పనిలేదు. కారులో ఇందుకై పండ్లచక్రముల పెట్టె యొకటి యమర్తురు. కార్టులోనో, వెనుక చక్రములు రెండును ఇరుసునకే బిగింపబడి ఇరుసుతోపాటు సమానముగా తిరుగును. చక్రముల నడుమ 110 సెంటీమీటర్లున్నచో, వృత్తములో నాల్గవ పాలు తిరుగునప్పటికి బయటి చక్రము లోపలిదానికంటె సుమారు 173 సెంటీమీటర్లు ఎక్కువ నడువవలెను. రెండును సమానముగా తిరుగునప్పు డిది ఎట్లు సాధ్యము? లోపలి వెనుకచక్రము నేలనుండి ఒకింత పైకి లేవవలెను, లేదా ఈడ్చుకొని పోవలెను. లేచినచో బండి చక్కగా తిరుగును. లేవనిచో ముక్కు సూటిగా పోజూచును.

దానిని లేపు ఉపాయము ముందు చక్రములలో నున్నది. అవి తిరుగు కీలకములు నిట్టనిలువుగా గాక వాలి యుండును. చుక్కాని త్రిప్పగానే లోపలి ముందుచక్రము చట్రమునకు దిగువకును, బయటిది ఎగువకును పోవును. అనగా లోపలి ముందుచక్రము నేలను ఒత్తి ఆ మూలను పైకెత్తును. బరువు దానిపైకిని, దాని ఎదురుమూలయైన బయటి వెనుకచక్రముపైకిని పోయి, లోపలి వెనుకచక్రము తేలికయగును. మలుపునందలి వేగము తక్కిన బరువును వెలుపలికి లాగి దానిని లేపును.

ఇప్పుడా అంకెలను మరల చూడుడు. ఎడమమలుపులో లేవవలసినది వెనుక ఎడమ చక్రము, 44 కిలోలు. కుడిమలుపులో లేవవలసినది వెనుక కుడి చక్రము, 48 కిలోలు. ఒకటి తేలికగా లేచుచున్నది, రెండవది లేవకున్నది. ఆ అమ్మాయి చేతిలో దోషమేమియు లేదని కాగితమే సాక్ష్యము పలుకుచుండ, నలుగురు విద్యావంతులు ఆమెను పిరికిదానిగా నెంచిరి! మేము శిష్యునితో ఈ మాట కొంచెము కటువుగానే చెప్పితిమి.

దిద్దుబాటునకు పూర్వము తూకమే సరియైనదా యని చూడవలెను. నాలుగు త్రాసులును ఒకే మట్టమున నుండవలెను. ఒకదానిక్రింద రెండు మూడు మిల్లీమీటర్లు హెచ్చినను అంకెలు బొంకును. తాపీమేస్త్రీలు గోడలకు మట్టము చూచు నీటిగొట్టము ఇందులకు చాలును. కుడియెడమ టైరులలో గాలి సమముగా నుండవలెను. నడపువారు శిరస్త్రాణముతో సహా కూర్చుండి, చేతులు చుక్కానిపైని, పాదములు పెడళ్లపైని ఉంచి ఎదుటికి చూడవలెను. క్రిందికి వంగి త్రాసు చూచుటయు బరువును మార్చును. ముందు చక్రములు సూటిగా నుండవలెను. (నడపువారిని గూర్చి మరియొక మాట. పొడవైన జుట్టును బిగించి ముడిచి శిరస్త్రాణములోనికి దోపుకొనవలెను, ఓణీగాని చున్నీగాని ఉండరాదు. 2020లో హైదరాబాదు శివారున ఒక యువతి ఇట్టి బండి యంత్రభాగములలో జుట్టు చిక్కుకొని మరణించినది.)

వారు కళాశాలకు పోయి మట్టము చూచి మరల తూచిరి. అంకెలు మారలేదు. అప్పుడు చట్రమును పరీక్షింపగా, ముందు ఎడమ కీలకముపై బిల్లలు కుడిదానికి సమముగా లేవని తేలెను. ఎప్పుడో విప్పి బిగించినప్పుడు దిగువ నుండవలసిన బిల్ల ఎగువకు చేరినది. దానివలన చక్రము దిగువకు జరిగి, ఆ మూల పొడవుకాలివలె నయ్యెను. బిల్లను తిరిగి దిగువకు మార్చి, అరకిలో వరకు చూపు త్రాసులపై తూచిరి: 34.5, 33.5, 45.5, 46.5. జంటలు 81, 79. ముందు వెనుకలు గాని కుడియెడమలు గాని మారలేదు. (ముందు చక్రముల ఎడము వెనుకవాటికంటె కొంచెము తక్కువ గనుక నిజమునకు స్వల్పభేదముండును, అది అరకిలో త్రాసునకు అందలేదు.) చట్రమే మెలిబడియున్నచో బిల్లలతో పని తీరదు, దానిని తిన్నగా సాగదీయింపవలెను, వీరికి ఆ ఖర్చు తప్పినది.

పోటీనాడు ఆ అమ్మాయియే నడిపినది. బహుమానము రాలేదు. కుడిమలుపులలో మాత్రము బండి మొండికెత్తలేదని శిష్యుడు ఫోనులో చెప్పెను. ఆమెకు వారు క్షమాపణ చెప్పిరా యని మేమడుగగా, చెప్పితిమనెను.

పై తరగతుల విద్యార్థులకు అభ్యాసము: ఒక కార్టు తూకము ముందు ఎడమ 33, ముందు కుడి 37, వెనుక ఎడమ 49, వెనుక కుడి 41 కిలోలు. కుడియెడమ చక్రముల నడుమ దూరము ముందును వెనుకను 120 సెంటీమీటర్లు, నడపువాని బరువు 60 కిలోలు. (1) కుడియెడమలు సమమగుటకు పీటను ఏ ప్రక్కకు ఎన్ని సెంటీమీటర్లు జరుపవలెను? (2) ఈ బండి ఏ మలుపున మొండికెత్తును? (3) ముందు ఏ చక్రపు బిల్లను ఎటు మార్చవలెను? జవాబులు తెచ్చువారు లెక్కను గూడ చూపవలెను. ఊహించి తెచ్చినచో అంగీకరింపము.