క్యోటో తాత్త్వికులూ, శూన్యమూ, ఒక సందేహమూ

గత సంవత్సరం మా ఎం.ఏ. సెమినారులో నేను ఆధునిక జపాను తత్త్వచింతన మీద ఒక పత్రం చదివాను. చప్పట్లు బాగానే పడ్డాయి. మా మాస్టారు మాత్రం కళ్ళజోడు తీసి తుడుచుకుంటూ, "ఏమయ్యా, తనబె పుస్తకం 1946లో అచ్చయిందన్నావు. అంతకు ముందు మూడేళ్ళూ ఆయన ఏం చేశాడో చూశావా?" అన్నారు. నేను చూడలేదు. ఆ తర్వాత చూసినదాన్ని బట్టి వ్రాస్తున్నదే ఈ వ్యాసం.

మొదట ఒక మాట. జపానువారికి వెయ్యేళ్ళకు పైబడిన బౌద్ధ చింతన ఉన్నా, "తత్త్వశాస్త్రం" అనే అర్థంలో వాళ్ళు నేడు వాడే "తెత్సుగాకు" అన్న పదం మాత్రం నిషి అమనె అనే పండితుడు 1870 ప్రాంతాల్లో పాశ్చాత్యుల ఫిలాసఫీ కోసం కల్పించినది. (జపానులో కూడా మనకు లాగే ఇంటిపేరు ముందు వస్తుంది.) కొత్త మాట రాగానే కొత్త చిక్కు వచ్చింది: మరి మన పెద్దలు ఇంతకాలం ఆలోచించినదంతా ఏమిటి? దీనికి గట్టి సమాధానం చెప్పబూనినవాడు క్యోటో విశ్వవిద్యాలయపు ఆచార్యుడు నిషిద కితారో (1870-1945). ఆయన రోజూ నడిచిన కాలువగట్టు బాటను ఇప్పటికీ "తత్త్వవేత్త బాట" అంటారు.

నిషిద 1911లో ప్రచురించిన మొదటి గ్రంథం పేరు "మంచిని గురించిన అన్వేషణ". ఎండన పడి వచ్చి కుండలో నీళ్ళు గొంతులో పోసుకుంటాం చూడండి, ఆ మొదటి క్షణంలో "నేను" వేరు, "నీళ్ళు" వేరు అన్న తలంపు ఉండదు. తాగిన తర్వాతనే ఆ రెండూ విడిపోతాయి. ఆ విడిపోకముందటి స్థితినే ఆయన శుద్ధానుభవం అన్నాడు. తర్వాత ఇంకా లోతుకు పోయి, ప్రతి వస్తువూ ఏదో ఒక "చోట" ఉంటుందనీ, ఆ చోటు మరింత విశాలమైన చోట ఉంటుందనీ వాదించాడు. సుద్దగీత నల్లబల్ల మీద, నల్లబల్ల గదిలో, గది మరొక దానిలో. అన్నిటికీ చివరి చోటు ఇంకొక వస్తువు కాజాలదు. అది పరమ శూన్యం. శుద్ధానుభవం దగ్గర అమెరికా దేశపు విలియం జేమ్స్ ఛాయ ఉంది. ఈ రెండో మెట్టు దగ్గర మాత్రం జెన్ బౌద్ధం కనిపిస్తుంది.

నిషిద శిష్యుడు నిషితాని కేజి (1900-1990). జర్మనీలో హైడెగర్ దగ్గర చదువుకున్నవాడు. ఆయన పుస్తకం 1961లో జపానులోనూ, 1982లో ఇంగ్లీషులోనూ వచ్చి క్రైస్తవ వేదాంతుల్ని సైతం ఆలోచనలో పడవేసింది. కన్ను తన్ను తాను చూసుకోదు. చూసుకోదు గనుకనే లోకాన్ని చూస్తుంది. నిప్పు తన్ను తాను కాల్చుకోదు, కనుకనే కట్టెను కాలుస్తుంది. ఈ నిప్పూ కట్టెల విచారం మనకు కొత్తది కాదు. మన శ్రీపర్వతంతో సంప్రదాయం ముడివేసిన ఆచార్య నాగార్జునుడు మూలమధ్యమక కారికల్లో దీనికి ఒక ప్రకరణమే కేటాయించాడు. ఆ గ్రంథం 5వ శతాబ్దిలో కుమారజీవుని చేతిలో చీనా భాషలోకి వెళ్ళింది. క్యోటోలో దాని జాడ కనిపించినప్పుడు నాకు కలిగిన గర్వం ఇంతా అంతా కాదు. నా పత్రం నిండా ఆ గర్వమే.

ఇప్పుడు మాస్టారి ప్రశ్న. క్యోటోలో నిషిద పీఠాన్ని అందుకున్న తనబె హజిమె (1885-1962), వ్యక్తికీ మానవజాతికీ మధ్య "జాతి" అనే మెట్టు తప్పనిసరి అని సిద్ధాంతం కట్టాడు. వినడానికి ముచ్చటగానే ఉంది. కానీ 1939 నాటికి ఆ మెట్టు కాస్తా రాజ్యం అయింది. రాజ్యం పరమతత్త్వపు అవతారం వంటిదయింది. 1943లో ఆయన విశ్వవిద్యాలయంలో చావు బ్రతుకుల గురించి విద్యార్థులకు ఉపన్యసించాడు. ఆ యేడే శరదృతువులో సాహిత్య, న్యాయ శాఖల విద్యార్థులకు సైన్యం నుంచి ఉన్న వాయిదా రద్దయింది. పుస్తకాలు మూసి తుపాకులు పట్టుకున్నవాళ్ళు మన వయసువాళ్ళే. నిషిద కూడా అదే యేడు, అడిగినవారి కోరికపై, "కొత్త ప్రపంచ వ్యవస్థ"ను గురించి ఒక వ్యాసం వ్రాసి ఇచ్చాడు. నిషితాని 1941-42ల్లో యుద్ధానికి తాత్త్విక సమర్థన వెదికిన చర్చాగోష్ఠుల్లో పాల్గొన్నాడు. యుద్ధానంతరం ఆయన ఉద్యోగం పోయి, 1952లో గానీ మళ్ళీ దొరకలేదు.

నిజం చెప్పొద్దూ, ఇవన్నీ చదివాక కొన్నాళ్ళు ఆ పుస్తకాలు ముట్టబుద్ధి కాలేదు.

మళ్ళీ పట్టుకునేట్టు చేసినది తనబె గ్రంథమే, "పశ్చాత్తాప మార్గంగా తత్త్వశాస్త్రం". 1944లో, ఓటమి ఇంకా రాకముందే, ఆ ఉపన్యాసాలు మొదలుపెట్టాడు. తత్త్వవేత్తగా పాలకులను విమర్శించాలా, యుద్ధకాలంలో నోరు మూసుకోవాలా అని నలిగిపోయి, రెంటికీ తనకు శక్తి చాలదని ఒప్పుకున్నాడు. 13వ శతాబ్దపు షిన్రన్ బోధించిన "పరశక్తి" ఆయనకు ఆధారమైంది. మన వైష్ణవులు చెప్పే మార్జాల కిశోర న్యాయం గుర్తుందా? తల్లే పిల్లను కరుచుకుని పోతుంది, పిల్ల చేసేది ఏమీ లేదు. అలాంటిదే. బుద్ధిబలం మీద బ్రతికిన ఆచార్యుడు ఆ మాట అనడం చిన్న సంగతి కాదు. అయితే నాకొక వెలితి కనబడింది. ఆ పశ్చాత్తాపంలో జాతి మొత్తం తప్పు చేసింది, అందరం పశ్చాత్తాపపడాలి అన్న ధోరణి ఎక్కువ. ఎవరు ఎవరికి ఏం చేశారన్నది పలుచబడిపోయింది.

1980 తర్వాత తోక్యోలోని కొమజవా విశ్వవిద్యాలయంలో హకమయ, మత్సుమొతో అనే బౌద్ధ పండితులు అసలు వేరుకే గొడ్డలి పెట్టారు. అందరూ, అన్నీ మొదటినుంచే బుద్ధత్వం పొందినవే అంటే, ఉన్న అన్యాయం కూడా ఉన్నట్టుగానే పవిత్రం అయిపోదా, ఇది బౌద్ధం ఎలా అవుతుంది అని వాళ్ళ ఆక్షేపణ. కొంత అతి ఉంది గానీ ప్రశ్న న్యాయమైనదే. నాగార్జునుడి 24వ ప్రకరణంలో ప్రతివాది దాదాపు ఇదే అడుగుతాడు: అంతా శూన్యమైతే మంచీ చెడూ ఎక్కడ? శూన్యం కనుకనే మార్పు సాధ్యం, చేసిన పనికి ఫలం సాధ్యం అని ఆచార్యుడి జవాబు. కాబట్టి శూన్యం తెలిసినవాడు "పోను" అనలేడన్నది సరికాదు. రాజ్యాన్ని కూడా శూన్యంగా చూడాలి, అంతే. క్యోటోవారు అన్నిటినీ శూన్యంలో కలిపి, చివరికి రాజ్యాన్ని మాత్రం మిగుల్చుకున్నారు.

పత్రం తిరగవ్రాసి ఇస్తే మాస్టారు చదివి, "పోను అన్నవాళ్ళు అక్కడే ఉన్నారు, వాళ్ళేరీ?" అన్నారు. నిషిద దగ్గర చదువుకున్న తొసాక జున్ మార్క్సు మార్గం పట్టాడు. "క్యోటో సంప్రదాయం" అన్న పేరు 1932లో విమర్శగా పెట్టినవాడు ఆయనే. 1945 ఆగస్టు 9న జైలులో మరణించాడు. మరో శిష్యుడు మికి కియోషి, పారిపోతున్న మిత్రుడికి ఆశ్రయమిచ్చినందుకు ఖైదయ్యాడు. జపాను లొంగిపోయి నెల దాటినా ఆయన్ని విడిచిపెట్టలేదు. సెప్టెంబరు 26న ఆ ఖైదులోనే పోయాడు.