రథసప్తమి వెళ్లాక గులాబీ పని

అరసవల్లిలో రథసప్తమి అయిందంటే మా వైపు గులాబీకి గడ్డుకాలం దగ్గరపడ్డట్టే. చలిదేశాల పద్ధతి చూసి ఇప్పుడు కొమ్మల్ని మొదలంటా నరికేసే పిల్లల్ని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. అక్కడ మంచు కరిగాక కూడా నెలల తరబడి చల్లగానే ఉంటుంది. ఇక్కడ శివరాత్రితో చలి పోతే వెనకాలే ఎండ. లేత చిగురు ఆ ఎండకు మాడిపోతుంది.

1. పెద్ద కత్తిరింపు విజయనగరం పైడితల్లమ్మ సిరిమాను వెళ్లాక చెయ్యాలి. దసరా తర్వాతి మంగళవారం ఆ ఉత్సవం. తుపాన్ల రోజులు కూడా అవే: హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న మన మీద పడ్డాయి. అందుకే వానలు తెరిపిచ్చి, మడి ఆరాకే కత్తెర పట్టండి.

2. మాఘమాసంలో చేసేది తేలిక కోత. వాడిన పువ్వును మెడ దగ్గర తుంచి ఊరుకోవద్దు. కిందికి చూసుకుంటూ వస్తే అయిదు రెబ్బల ఆకు కనిపిస్తుంది. ఆ ఆకు మొదట్లో, మొక్క బయటి వైపుకు చూసే కన్ను ఒకటి ఉంటుంది. దానికి కాస్త పైన ఏటవాలుగా కొయ్యండి. ఎండుకొమ్మనైతే, కోసిన చోట లోపలి బెండు తెల్లగా కనిపించేదాకా కొంచెం కొంచెంగా కోస్తూ రావాలి. బెండు గోధుమరంగులో ఉందంటే తెగులు ఇంకా కిందికి దిగి ఉందన్నమాట. లావు కొమ్మల కోతలకు బోర్డో పేస్టు రాయాలి. 100 గ్రాముల మైలతుత్తం, 100 గ్రాముల సున్నం, లీటరు నీళ్లు. ఇనప గిన్నెలో మాత్రం కలపకండి, ప్లాస్టిక్ బకెట్టు చాలు.

3. అంటు కట్టిన చోటుకు కింద నుంచి పిలక వస్తే మురిసిపోవద్దు. అది అడుగు మొక్కది. పైన ఉన్న రకాన్ని మింగేస్తుంది. మట్టి తీసి, పుట్టిన చోటే పట్టుకుని లాగెయ్యండి. పైపైన కోస్తే మళ్లీ వస్తుంది.

4. నర్సరీ మొక్క వేళ్ల చుట్టూ జిగట మట్టి ముద్ద ఉంటుంది. ఉద్దానం లాంటి ఇసక నేలలో దాన్ని అలాగే పాతితే నీళ్లు పక్కనుంచి జారిపోతాయి, ముద్ద మాత్రం ఎండిపోతుంది. నాటేముందు నీళ్లలో నానబెట్టి, అంచుల మట్టి మెల్లగా విడదీయండి. సముద్రం దగ్గరి ఊళ్లలో బోరు నీళ్లు ఉప్పగా ఉంటే ఆకుల అంచులు మాడతాయి, కుండీ అంచున తెల్లటి పొర కడుతుంది. అలాంటప్పుడు పట్టి ఉంచిన వాన నీళ్లో, మంచి నీళ్లో అడుగునుంచి కారేదాకా పోయండి.

5. ఎర్రనల్లి ఎండ ముదిరేకొద్దీ పెరుగుతుంది. ఆకు మీద దుమ్ము పడ్డట్టు లేత చుక్కలు కనిపిస్తే కింద తెల్లకాగితం పట్టి ఆకును తట్టండి. కాగితం మీద నలుసులు నడుస్తుంటే అవే. పొద్దున్నే ఆకుల అడుగుభాగం తడిసేలా గట్టిగా నీళ్లు కొట్టండి. తగ్గకపోతే సాయంత్రం లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొంచెం సబ్బునీళ్లు కలిపి కొట్టాలి. నూనె కొట్టిన రెండు వారాల లోపు గంధకం పొడి వాడకండి, ఆకు కాలిపోతుంది.

6. బాగా మాగిన గత్తం ఫిబ్రవరిలో వేసెయ్యండి. పచ్చి పేడ వద్దు.

7. మొదట్లో కొబ్బరిపీచు పరచండి. కాండానికి మాత్రం తగలనివ్వకండి, కుళ్లు పడుతుంది. మిద్దె మీది కుండీలకు సిమెంటు వేడి కిందనుంచి కొడుతుంది. రెండు ఇటుకల మీద ఎత్తిపెట్టి, కుండీ చుట్టూ తడి గోనెసంచి చుట్టండి. గోగునార పండే జిల్లాలు మనవి, గోనెకు కొరతేముంది!

8. ఏప్రిల్, మే నెలల్లో పువ్వు చిన్నదవుతుంది, రంగు వెలుస్తుంది. అది జబ్బు కాదు, మందులు కొట్టకండి. నీరసించిన మొక్క మొగ్గల్ని మాత్రం తొలకరి దాకా తుంచేస్తూ ఉండండి, ఆకు నిలుస్తుంది.