ఇంటి పచ్చిక: పన్నెండు నెలల సంరక్షణ

ఇంటి ముందరి ఖాళీస్థలములో కొంత పచ్చిక పెంచుకొనవలెనను కోరిక పలువురిలో కలదు. ఉర్దూలో చమన్ అనినను, తెలుగులో పచ్చిక అనినను కన్నులకు కలుగు చల్లదనము ఒక్కటియే. అయితే పచ్చికను నాటుటకంటె నిలుపుకొనుట కష్టము. అది చెడిపోవుటకు ఎండకంటె మన అలవాట్లే తరచుగా కారణమగుచున్నవి. ప్రతిదినము పైపైన నీరు చల్లుట, నేలకంట కోయుట అట్టి అలవాట్లు.

తెలంగాణ, ఆంధ్ర ప్రాంతముల ఇండ్లకు గరిక మిక్కిలి అనువైనది. సంస్కృతమున దూర్వ, ఉర్దూలో దూబ్ అనబడునది ఇదియే. నేలమీద ప్రాకు కాడలతోను, నేలలోపల సాగు కాడలతోను ఇది వ్యాపించును. కావున పైభాగము ఎండినను లోపల ప్రాణము నిలిచియుండును. దీనికి దినమునకు ఆరు గంటల ఎండయైనను కావలెను. మామిడి, వేప చెట్ల దట్టమైన నీడలో గరికకై పాటుపడుట వృథా.

వర్షకాలము: జూన్ నెలలో నైరుతి ఋతుపవనములు ప్రవేశించిన పిమ్మట నాటుట శ్రేష్ఠము. నేలను అడుగు లోతున త్రవ్వి, రాళ్లను, తుంగగడ్డలను ఏరివేసి, చివికిన పశువుల ఎరువు కలిపి చదును చేయవలెను. వేళ్లుగల గరిక తునకలను 10 సెంటీమీటర్ల ఎడముతో నాటవలెను. గడ్డి కుదురుకొని ఏపుగా పెరుగునపుడు వారమునకొకసారి కోత అవసరమగును. ఏ కోతలోను ఆకు ఎత్తులో మూడవ వంతుకు మించి తీయరాదు. ఆకే గడ్డికి వంటశాల. దానిని మొదలంట కోసినచో వేళ్లు కురచబారును. కోసిన సన్నని తుంపులను అచ్చటనే వదలినచో చివికి నత్రజని నేలకు తిరిగి చేరును. యూరియా వేయదలచినచో చదరపు మీటరుకు 10 గ్రాములు మించక చల్లి, వెంటనే నీరు పెట్టవలెను; లేనిచో ఆకులు మాడును.

శీతకాలము: నవంబరు నుండి జనవరి వరకు రాత్రులు చల్లబడుటచే గరిక పెరుగుదల మందగించును. రంగు వెలిసినదని కంగారుపడి ఎరువు వేయరాదు. కోతలు, తడులు రెండును తగ్గింపవలెను. ఫిబ్రవరిలో గట్టిపడిన నేలను పలుగుతో అక్కడక్కడ పొడిచి, ఇసుక, ఎర్రమట్టి, చివికిన ఎరువు కలిపి పలుచగా పరచినచో కొత్త చిగుళ్లు వచ్చును.

వేసవికాలము: గడ్డిని కొంత ఎత్తుగా, 4 సెంటీమీటర్ల వరకు ఉంచినచో ఆకుల నీడ నేలను కాపాడును. నడచిన అడుగుజాడ లేవకుండ నిలిచిపోయినచో తడి కావలెనని గుర్తు. తెల్లవారుజామున, నీరు జానెడు లోతున దిగునట్లు, పలుసార్లు కాక ఒకేసారి పెట్టవలెను. నిత్యము చిలకరించుటచే వేళ్లు పైననే ఉండిపోయి మొదటి వడగాలికే వాడును.

ఇక ముఖ్యవిషయము నీటి లెక్క. చదరపు మీటరుపై 1 మిల్లీమీటరు నీరనగా 1 లీటరు. 50 చదరపు మీటర్ల పచ్చికకు 20 మిల్లీమీటర్ల తడి ఒక్కసారి ఇచ్చుటకు 1,000 లీటర్లు కావలెను. వారమునకొక తడి చొప్పున ఏప్రిల్, మే నెలలలో ఎనిమిది తడులిచ్చిన 8,000 లీటర్లగును. బావులు అడుగంటి, కుళాయిలవద్ద బిందెలు బారులుతీరు నెలలలో ఇది స్వల్పమైన నీరు కాదు. అట్టి తరుణమున బియ్యము, కూరలు కడిగిన నీటితో కొంతభాగమును కాపాడి, మిగిలినదానిని ఎండనిచ్చుటయే న్యాయము. గరిక గోధుమవర్ణము దాల్చినను తొలకరికి తిరిగి పచ్చబడును.

కావున పచ్చిక వేయనెంచువారు జూన్‌లో పలుగు పట్టుటకు ముందు, మే నెలలో తమ బావిలోని నీటిని చూచి స్థలమును కొలుచుకొనవలెను. నిలుపుకొనగల పది గజముల పచ్చిక, నిలుపలేని వంద గజముల పచ్చికకంటె మేలు. పొరుగువారి దాహమునకు అడ్డురాని పచ్చదనమే ఇంటికి నిజమైన శోభ అని మా అభిప్రాయము.