స్టడీ ప్రాజెక్టుకు ప్రశ్న ఎట్లా పట్టాలి

పొద్దంతా బట్టల షాపులోనో కిరాణంలోనో పనిచేసుకుంటూ డిగ్రీ చదివే పిల్లలు మెట్‌పల్లి, కోరుట్లలో చాలామందే ఉంటారు. ప్రాజెక్టు రాయమనగానే 'పసుపు రైతుల సమస్యలు', 'గల్ఫ్ వలసలు', 'సిరిసిల్ల మరమగ్గాల కార్మికుల స్థితిగతులు' అని పేర్లు పెట్టేస్తారు. ఇవి అంశాలు మాత్రమే, వీటిలో ప్రశ్న లేదు. ప్రశ్న లేకపోతే ఇంటర్నెట్‌లో దొరికిందల్లా ఎత్తి రాయడమే మిగులుతుంది. కళాశాల విద్యా కమిషనరేట్ స్టడీ ప్రాజెక్టులకు పెట్టే 'జిజ్ఞాస' పోటీలకు అట్లాంటిది పంపి లాభం లేదు.

పసుపునే తీసుకుందాం. మెట్‌పల్లిలో మార్కెట్ యార్డు ఉన్నా ఈ చుట్టుపక్కల రైతులు కొందరు నిజామాబాద్‌కు, కొందరు మహారాష్ట్రలోని సాంగ్లీ దాకా సరుకు తీసుకుపోతారు. ఎందుకు? ఇక్కడ ప్రశ్న పుట్టింది. ఇంకాస్త బిగించండి: 'మా ఊళ్ళో ఈ సీజన్‌లో పసుపు ఎవరు మెట్‌పల్లిలో అమ్మారు, ఎవరు నిజామాబాద్ పోయారు, ఖర్చులు పోను క్వింటాలుకు ఎవరి చేతికి ఎంత వచ్చింది?' ఊరు, కాలం, పోలిక మూడూ తేలాయి. జవాబు ఎక్కడ దొరుకుతుందో కూడా తెలుసు. రైతు ఇంట్లో దాచుకున్న తక్‌పట్టీలో (అమ్మకం చీటీలో) తేదీ, తూకం, ధర, కోతలు ఉంటాయి. పసుపులో కాడి (కొమ్ము), గోళ (దుంప) ఒకే ధర పలకవు, వేరువేరుగా రాసుకోకపోతే లెక్కంతా తప్పుతుంది. బండి కిరాయి రైతునే అడగాలి. తక్‌పట్టీ ఫొటో తీసేముందు అనుమతి అడగండి, నివేదికలో పేర్లు రాయొద్దు.

ప్రశ్న కాగితం మీద పెట్టగానే ఒకరిద్దరు రైతులతో మాట్లాడి చూడండి. "ధరదేముంది బిడ్డా, పెట్టుబడి ఇచ్చిన సేటుకే అమ్మాలె" అని ఎవరైనా అంటే మీ ప్రశ్న ధర దగ్గర్నుంచి అప్పు దగ్గరికి జరగాలి. అట్లా జరిగితే మంచిదే. మీకు ముందు తెలియంది అప్పుడే ఒకటి దొరికింది.

'పసుపు బోర్డుతో రైతుకు మేలు జరిగిందా?' అనేది మాత్రం వద్దు. జాతీయ పసుపు బోర్డు మొదలైందే 2025 జనవరిలో. ఇంత తొందరగా అడిగితే మనసులో ఏ పార్టీ ఉంటే ఆ జవాబే వస్తుంది.

పసుపు జనవరి నుంచి తవ్వి, ఉడకబెట్టి, ఎండబెట్టి అమ్ముతారు. అంటే మీ రెండో సెమిస్టర్ రోజులే. మీకు ఆదివారాలే ఖాళీ ఉంటే పది ఇళ్ళు చాలు. వంద ఇళ్ళని రాసి ఫారాలు ఇంట్లో కూర్చొని నింపడం చదువుకే ద్రోహం. పది ఇళ్ళతో జిల్లా సంగతి చెప్పలేరు, ఆ పదిళ్ళ సంగతి గట్టిగా చెప్పగలరు. ఆ మాటే నివేదికలో రాయండి.

పసుపు కాకుండా ఇంకో ఉదాహరణ: ముత్యంపేట చక్కెర ఫ్యాక్టరీ 2015లో మూతపడింది. 'మూసివేత ప్రభావం' అంటే ఒడ్డు దొరకదు. 'అప్పుడు చెరకు వేసిన పొలాల్లో ఇప్పుడేం వేస్తున్నారు?' అని మీ ఊరి వరకు అడగొచ్చు. పాత సాగు లెక్కలు కావాలంటే మండల వ్యవసాయ కార్యాలయానికి సమాచార హక్కు దరఖాస్తు పెట్టండి. జవాబుకు గడువు 30 రోజులు. ఆ నెల మీ సెమిస్టర్‌లోంచే పోతుంది కనుక ప్రశ్న ఖాయమైన రోజే దరఖాస్తు రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి.