పేడలోని పైరుబలం

పల్లెల్లో పేడకు రెండు దారులు. పిడకగా మారితే పొయ్యిలోకి పోతుంది. దిబ్బలో మాగితే పొలానికి చేరుతుంది. పొయ్యికి పోయిన పేడ పొలానికి రాదు. పిడకలోని నత్రజని పొగతోపాటే పోతుంది. ఈ చిక్కును తీర్చేది గోబర్ గ్యాస్ ప్లాంటు. అందులో వేసిన పేడ వంటకు మంటనూ, పంటకు ఎరువునూ ఇస్తుంది.

గాలి చొరబడని గొయ్యిలో పేడను, అంతే నీటిని కలిపి పోస్తే సూక్ష్మజీవులు దానిని కుళ్ళబెడతాయి. అప్పుడు మీథేన్ వాయువు పుడుతుంది. వాయువుగా వెళ్ళేది ముఖ్యంగా కర్బనం. నత్రజని, భాస్వరం, పొటాష్ చాలావరకు బయటకు వచ్చే స్లర్రీలోనే మిగులుతాయి.

ఈ స్లర్రీ యూరియాకు బదులు కాగలదా? లెక్క వేసి చూడండి. రెండు ఘనమీటర్ల ప్లాంటుకు రోజుకు 50 కిలోల పేడ, 50 లీటర్ల నీరు కావాలి. ఏడాదికి రెండూ కలిసి 36 టన్నులు దాటుతాయి. పచ్చిపేడ 100 కిలోలలో నత్రజని సుమారు 300 గ్రాములు. ఆ విధంగా ఏడాదికి వచ్చే నత్రజని సుమారు 54 కిలోలు. 45 కిలోల యూరియా బస్తాలో ఉండేది 20.7 కిలోలు. అంటే 36 టన్నుల స్లర్రీలోని నత్రజని సుమారు రెండున్నర బస్తాల యూరియాకు సమానం! 2018లో నిర్ణయించిన ధర ప్రకారం, పన్నులు, వేపపూత ఖర్చు కాక, బస్తా 242 రూపాయలు. కనుక దాని విలువ 605 రూపాయలు.

ఇంతేనా అనిపించవచ్చు. కాని 242 రూపాయలు యూరియా అసలు ఖరీదు కాదు. మిగిలినది ప్రభుత్వం సబ్సిడీగా భరిస్తుంది. పైగా స్లర్రీలో భాస్వరం, పొటాష్, నేలను గుల్లబరిచే సేంద్రియ పదార్థం కూడా ఉన్నాయి. పొటాష్ ఎరువును మన దేశం దాదాపు పూర్తిగా విదేశాల నుండే తెప్పించుకుంటుంది.

అసలు చిక్కు నీటి బరువు. యూరియా బస్తాను సైకిలు మీద తీసుకుపోవచ్చు. స్లర్రీని అలా మోయలేరు. పొలం ఇంటి పక్కనే ఉంటే కాలువ నీటితో కలిపి పారించవచ్చు. దూరమైతే బండి బాడుగ ఎరువు విలువను మించుతుంది. ఎండలో ఆరబెడితే బరువు తగ్గుతుంది గాని, నత్రజనిలో కొంత భాగం అమ్మోనియాగా గాలిలో కలిసిపోతుంది.

ఈ చిక్కుకు కర్ణాటకలోని కోలారులో ఒక ఉపాయం కనిపిస్తుంది. అక్కడి ఎస్.కె.జి. సంఘ అనే సంస్థ దీనబంధు నమూనా ప్లాంట్లతోపాటు వానపాముల ఎరువు తొట్లు కూడా కట్టించింది. స్లర్రీని గడ్డితో, ఆకులతో కలిపి వానపాములకు వదులుతారు. పొడిపొడిగా తయారైన ఎరువును పొలానికి మోయడం సులభం, మిగిలినదాన్ని అమ్ముకోవచ్చు. ఆ రాబడి ఇంటి ఆడవారికి ఆసరా అవుతుంది. ఈ కృషికి 2007లో బ్రిటన్‌కు చెందిన ఆష్డెన్ అవార్డు లభించింది.

అయితే ప్లాంటు అందరికీ ఒకేలా లాభించదు. 50 కిలోల పేడకు నాలుగైదు పశువులుండాలి. పేడనంతా ఇదివరకే దిబ్బకు చేర్చే ఇంటికి కొత్తగా కలిసివచ్చేది ముఖ్యంగా గ్యాసే. పిడకలు కాల్చే ఇంటికి గ్యాసూ, ఎరువూ రెండూ లాభమే. యూరియాను ఒక్కసారిగా మానకుండా, స్లర్రీ ఇచ్చినమేరకు తగ్గించుకోవడం మేలు.

ఆలోచించి రాయండి

1. పిడక కాలిస్తే పొలానికి కలిగే నష్టమేమిటి?
2. స్లర్రీ విలువ పొలం దూరాన్నిబట్టి ఎందుకు మారుతుంది?
3. మీ వీధిలో ఒక ఇంటి పశువులను లెక్కించి, ఆ ఇంటికి ప్లాంటు లాభమో కాదో చెప్పండి.